‘వ్యక్తిగత కారణాలు’ అని రాయించింది నేనే

సంపాదకులకు నమస్కారం.

ఆసుపత్రుల్లో నర్సులు నిలవడం లేదని మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. జీతం చాలక, పెళ్లిళ్లయి మానేస్తున్నారని యాజమాన్యాలు అన్నట్టు రాశారు. ముప్ఫై ఏళ్లకు పైగా నర్సుగా చేసి, వార్డు ఇన్‌చార్జిగా రిటైరయినదాన్ని. ఎన్నో రాజీనామా కాగితాలు నా చేతుల మీదుగానే వెళ్లాయి. దాదాపు అన్నింటిలోనూ ఒకటే మాట: ‘వ్యక్తిగత కారణాల వల్ల’. కొన్నిసార్లు ఆ మాట రాయమని చెప్పింది నేనే. ఇంకేం రాసినా ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కోసం తిప్పుతారని భయం.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. చేరి రెండేళ్లయింది. నాలుగు రాత్రులుగా తను చూసుకుంటున్న పేషెంటు తెల్లవారుజామున పోయాడు. గొట్టాలు తీసి, ఒళ్లు తుడిచి, బయట ఏడుస్తున్న భార్యను పట్టుకుని కూర్చోబెట్టింది. దుప్పటి మార్చిన పావుగంటకే అదే మంచం మీదికి కొత్త అడ్మిషన్. ‘ఏం సిస్టర్, కాస్త నవ్వుతూ మాట్లాడకూడదా?’ అని కసిరారు పేషెంటు తాలూకు వాళ్లు. నవ్వింది. పొద్దున షిఫ్టు మారేటప్పుడు, వచ్చినవాళ్లకు వార్డు అప్పజెప్పే హ్యాండోవర్‌లో ‘రెండో బెడ్, 4.10కి ఎక్స్‌పైర్డ్’ అని ఒక్క ముక్కలో చెప్పేసింది. అంతకుముందు ఎవరి గురించైనా పేరు పెట్టి చెప్పే పిల్ల. తర్వాత చూస్తే, సింకు దగ్గర కుళాయి కట్టడం మరిచిపోయి అలాగే నిలబడి ఉంది. మూడు నెలలకు మానేసింది. కారణం మామూలే, వ్యక్తిగతం.

ఒంటి అలసటైతే పడుకుంటే తీరుతుంది. ఇది అలా తీరేది కాదు. దీన్నే బర్నవుట్ అంటారు. మనస్తత్వ పరిశోధకులు క్రిస్టీనా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో తయారుచేసిన కొలమానం బర్నవుట్‌లో మూడు సంగతులు చూస్తుంది: మనసు పూర్తిగా అలిసిపోవడం, ఎదుటివాళ్లను మనుషులుగా చూడలేకపోవడం, చేసే పనిలో తను సాధిస్తున్నదేమీ లేదనిపించడం. నన్ను భయపెట్టేది రెండోదే. పేర్లు పోయి బెడ్ నంబర్లు మిగిలే దశ అది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా చెప్పలేదు. పనిచోట చాలాకాలంగా చక్కదిద్దకుండా వదిలేసిన ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంది. అంటే బాగుచేయాల్సింది పనిని. మా యాజమాన్యం వాళ్లు మాత్రం ధ్యానం క్లాసు పెట్టించారు. అదీ నైట్ డ్యూటీ దిగిన వాళ్లకు, పొద్దున తొమ్మిదింటికి!

లెక్కలు లేక కాదు. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద చేసిన అధ్యయనంలో, నర్సుకు ఒక్కో పేషెంటు పెరిగేకొద్దీ బర్నవుట్ అవకాశం 23 శాతం, సర్జరీ అయినవాళ్లు 30 రోజుల్లోగా చనిపోయే అవకాశం 7 శాతం ఎక్కువగా కనబడింది. కాలిఫోర్నియా 1999లోనే చట్టం చేసి, 2004 నుంచి ఒక్కో నర్సుకు ఎంతమంది పేషెంట్లుండాలో పరిమితి పెట్టింది. ఐసీయూలో ఇద్దరికి మించకూడదు.

ఒకరు మానేస్తే ఏమవుతుందో బయటివాళ్లకు తెలియదు. ఆ పేషెంట్లను మిగిలినవాళ్లకు పంచుతాం. ఆఫ్‌లు పోతాయి, డబుల్ డ్యూటీలు వస్తాయి. ‘ఈ ఒక్కరోజు రామ్మా’ అని ఫోన్లు చేసినదాన్నే నేను. ఆ ఒక్కరోజు నెలలో ఎన్నిసార్లు వచ్చేదో లెక్కపెట్టలేదు. చివరికి కొత్తమ్మాయి వస్తుంది. నేర్పాల్సిన సీనియర్ తన పేషెంట్లతోనే సతమతమవుతుంటుంది. కొన్నాళ్లకు ఆ ఇద్దరిలో ఒకరి కాగితం నా టేబుల్ మీదికొచ్చేది.

ప్రతి షిఫ్టులో ఏ వార్డులో ఎంతమంది నర్సులు, ఎంతమంది పేషెంట్లు ఉన్నారో తలుపు దగ్గర బోర్డు మీద రాయాలి. ఆ లెక్కకు చట్టంలో హద్దు ఉండాలి. పేషెంటు పోయినప్పుడు ఆ సిస్టర్‌ను ఓ అరగంట రిలీవ్ చేయగలిగినంతమంది డ్యూటీలో ఉండాలి. జీతం పెంచొద్దని నేననను. కానీ పెంచిన జీతంతో అదే షిఫ్టులో నిలబెడితే రెండు నెలలు ఆలస్యంగా మానేస్తారు, అంతే.

మరో మాట. ఈసారి వార్త రాసేటప్పుడు యాజమాన్యాలతో పాటు మానేసిన వాళ్లనూ అడిగించండి. సర్టిఫికెట్ చేతికొచ్చేసింది కాబట్టి అసలు సంగతి చెబుతారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వార్డు ఇన్‌చార్జి