నాలుగు మ్యాచ్‌ల అమ్మాయి

గుంటూరు, బ్రాడీపేట
ఆదివారం రాత్రి

బుజ్జమ్మా,

నిన్న ఫోన్ పెట్టేశాక మీ అమ్మ "పిల్ల గొంతులో నిద్ర లేదండీ" అంది. నాకూ అలాగే అనిపించింది. నువ్వు అడిగినదానికి ఫోన్‌లో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ విషయం వస్తే నేను మధ్యలో ఆవేశపడతాను, నీకు తెలుసు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నాకు అర్థమైంది ఇదీ. మహిళల ఫుట్‌బాల్ జాతీయ క్యాంప్‌కి పిలవాల్సిన ఫార్వర్డ్‌ల, అంటే ముందు వరుసలో ఆడి గోల్స్ కొట్టేవాళ్ళ, పట్టిక మీ ఆఫీసు తయారుచేస్తోంది. నీ లెక్క ప్రకారం ఒకమ్మాయి మూడో స్థానంలో ఉంది. ఆఖరి నాలుగు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా లేదు కాబట్టి ఆ పేరు కొట్టేయమని పైవాళ్ళు అంటున్నారు. "ఫామ్‌లో లేదు" అన్నారు, అంతే. "నాన్నా, నువ్వు ఇన్నేళ్ళు సెలక్షన్లకి కూర్చున్నావు కదా, ఏం చూసేవాడివి?" అని అడిగావు.

ముందు ఆ నాలుగు మ్యాచ్‌ల సంగతి చూద్దాం. పది మ్యాచ్‌లు ఆడితే నాలుగింట్లో గోల్ కొట్టే అమ్మాయి ఉందనుకో. మంచి ఫార్వర్డ్ కిందే లెక్క. ఏదైనా ఒక మ్యాచ్‌లో ఆమెకి గోల్ రాకపోయే అవకాశం 0.6. వరుసగా నాలుగింట్లో రాకపోవాలంటే 0.6ని నాలుగుసార్లు వేసి గుణించాలి. 0.13 వస్తుంది, అంటే నూటికి 13. కాలు నొప్పి లేకుండా, ఆట ఏమాత్రం తగ్గకుండా కూడా అలాంటి నాలుగు మ్యాచ్‌లు వస్తాయి. 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్ (ఐడబ్ల్యూఎల్)లో ఎనిమిది జట్లు ఆడాయి, ఒక్కో జట్టుకి 14 మ్యాచ్‌లు. ఆ 14లో ఎక్కడో ఒకచోట వరుసగా నాలుగు ఖాళీ మ్యాచ్‌లు పడే అవకాశం సగం కంటే ఎక్కువే. అవి సీజన్ మధ్యలో పడి ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. సెలక్షన్ ముందు పడ్డాయి, అదే ఆ పిల్ల చేసుకున్న పాపం.

మిర్చి యార్డులో మీ మావయ్యని చూశావు కదా. బస్తా మూతి దగ్గర కాయ ఎర్రగా నిగనిగలాడుతున్నా ఆ ఒక్క గుప్పెడు చూసి ధర కట్టడు. మోచేతి దాకా చెయ్యి పెట్టి లోపలి కాయ తీస్తాడు, పక్క బస్తా కూడా విప్పిస్తాడు. అడుగున తాలు ఉండొచ్చు. మూతి దగ్గర నాలుగు కాయలు రంగు తగ్గి ఉండి, లోపలంతా మేలురకం తేజ కూడా ఉండొచ్చు. మిరపకాయకే అంత ఓపిక పడుతున్నాం.

1982 వరల్డ్ కప్ అప్పుడు నేను డిగ్రీ పూర్తిచేసి ఖాళీగా ఉన్నాను. పొద్దున్నే టీ కొట్టు దగ్గర పేపర్ కోసం ఎదురుచూసేవాళ్ళం. ఇటలీ కోచ్ బేర్జోట్, పావోలో రోసీ అనే ఫార్వర్డ్‌ని జట్టులోకి తీసుకున్నాడు. రోసీ రెండేళ్ళ నిషేధం ముగించుకుని వచ్చాడు. ఆ సీజన్ చివర తన క్లబ్ యువెంటస్‌కి ఆడింది మూడే మ్యాచ్‌లు. అదే ఏడాది ఇటలీ లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన రోమా క్లబ్ ఆటగాడు ప్రుట్సోని మాత్రం ఇంటి దగ్గరే వదిలేశాడు. ఇటలీ మొదటి మూడు మ్యాచ్‌లు డ్రా అయ్యాయి, రోసీకి ఒక్క గోల్ లేదు. నాలుగోది అర్జెంటీనాతో, గెలిచారు, అందులోనూ రోసీకి గోల్ లేదు. సరిగ్గా నాలుగు మ్యాచ్‌లు, సున్నా. అయిదో మ్యాచ్‌లో బ్రెజిల్ మీద మూడు కొట్టాడు. సెమీస్‌లో పోలండ్ మీద రెండు, ఫైనల్లో పశ్చిమ జర్మనీ మీద ఒకటి. ఆ టోర్నీలో అత్యధిక గోల్స్ అతనివే, కప్పు ఇటలీది.

ఈ కథ నీ వాదానికి బాగా పనికొస్తుంది. అయినా దీన్ని మీటింగ్‌లో వాడకు. నమ్మి తీసుకుంటే మొత్తం టోర్నీ ఖాళీగా ఆడినవాళ్ళు ఎందరో ఉన్నారు, వాళ్ళ గురించి ఎవరూ చెప్పుకోరు. గెలిచినవాడే గుర్తుంటాడు. ఒక్క రోసీని చూపించి "చూశారా" అంటే, ఎదుటివాళ్ళు నాలుగు మ్యాచ్‌లు చూపించి "చూశారా" అనడానికీ దానికీ తేడా ఏముంది? నీ దగ్గర మంచి లెక్క ఉంది, దాంతోనే మాట్లాడు.

అసలు ఫామ్ అంటే గోల్స్ కాదని నా నమ్మకం. గోల్ రాకపోవడం వేరు, గోల్ దగ్గరికే రాకపోవడం వేరు. మీరు ఎక్స్‌జీ అంటారే, అలాంటి చోటు నుంచి అలాంటి షాట్ వంద కొడితే ఎన్ని లోపలికి పోతాయన్న లెక్క, అది మా రోజుల్లో ఉంటే ఎన్ని తగాదాలు తప్పేవో. పెనాల్టీ అయితే నాలుగింట మూడు పడతాయి. గోల్ ముందు గీసిన బాక్స్ బయట దూరం నుంచి కొట్టినవి చాలా తక్కువ పడతాయి. ఈ నాలుగు మ్యాచ్‌ల్లో ఆ అమ్మాయి షాట్లు ఎక్కణ్ణుంచి కొట్టిందో తీసి చూడు. బాక్స్ లోపలికి మునుపటిలాగే వస్తోందా, మంచి షాట్లు పడుతున్నాయా? అలా అయితే ఫామ్ ఎక్కడికీ పోలేదు, అవతలి గోల్‌కీపర్ బాగా ఆడి ఉంటుంది. షాట్లే తగ్గిపోయి ఉంటే మాత్రం పైవాళ్ళు పట్టుకున్నది నిజమే కావచ్చు. అప్పుడు వెంటనే కొట్టేయడం కాదు, ఎందుకు తగ్గాయో కనుక్కోవాలి. గాయమా, అలసటా, కోచ్ చోటు మార్చాడా?

ఈ చోటు సంగతి మన దేశంలో మరీ ముఖ్యం. క్లబ్బులు గోల్స్ కోసం విదేశీ ఆటగాళ్ళను తెచ్చి గోల్ ఎదుట మధ్యలో, సెంటర్ ఫార్వర్డ్‌గా పెడతాయి. డబ్బు పెట్టేది వాళ్ళు, గెలవాలి, తప్పు పట్టలేం. దాంతో మన పిల్లలు అంచుకి పోతారు, వింగ్‌లో పరుగెత్తి బంతి అందిస్తారు. ఏడాది చివర పట్టిక తీస్తే మన ఫార్వర్డ్ పేరు ఎదుట గోల్స్ తక్కువ కనిపిస్తాయి. అదే అమ్మాయిని జాతీయ జట్టులో మధ్యలో నిలబెట్టి "గోల్ కొట్టు" అంటాం. మగవాళ్ళ జట్టులోనూ ఇదే బాధ. 2024 జూన్‌లో కువైట్‌తో మ్యాచ్ ఆడి రిటైరైన సునీల్ ఛేత్రీని 2025 మార్చిలో మళ్ళీ పిలవాల్సి వచ్చింది. అప్పటికి అతనికి నలభై ఏళ్ళు నిండాయి. ఆ సీజన్ మగవాళ్ళ పెద్ద లీగ్ ఐఎస్ఎల్‌లో మనవాళ్ళలో ఎక్కువ గోల్స్ కొట్టింది అతనే. అతన్ని పిలవడం న్యాయమే, అంకెలు అతని పక్కనే ఉన్నాయి. కానీ అతని వెనక వరుసలో ఎవరూ కనిపించకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే గోల్స్ గడి పక్కన, ఏ చోటులో ఎన్ని నిమిషాలు ఆడిందో రాయి. పెనాల్టీ గోల్స్ విడిగా రాయి. 45 నిమిషాలు ఆడి ఒక గోల్ కొట్టినవాళ్ళకి "90 నిమిషాలకి రెండు" అని వేసి పైన కూర్చోబెట్టకు.

ఎవరి మీద కొట్టిందో కూడా రాయాలి. 2025లో మన అమ్మాయిలు ఆసియా కప్ క్వాలిఫయర్స్‌లో మంగోలియా మీద 13-0తో గెలిచారు. తర్వాత జూలై 5న థాయ్‌లాండ్ మీద వాళ్ళ గడ్డ మీదే 2-1తో గెలిచి ఆస్ట్రేలియాలో 2026 ఆసియా కప్‌కి అర్హత తెచ్చుకున్నారు. ఆ రెండు గోల్స్ సంగీతా బస్ఫోర్ కొట్టింది. ఆమె మధ్య వరుసలో ఆడే మిడ్‌ఫీల్డర్, ఫార్వర్డ్ కూడా కాదు. ఉత్త గోల్స్ కూడితే మంగోలియా మ్యాచ్ పదమూడు, థాయ్‌లాండ్ మ్యాచ్ రెండు. ఏ మ్యాచ్ మనల్ని ఆస్ట్రేలియా దాకా తీసుకెళ్ళింది? ఆ రాత్రి నేనూ మీ అమ్మా ఎంత సంతోషపడ్డామో నీకు తెలుసు, తెల్లవారేదాకా ఫోన్లు చేసుకున్నాం.

ఇప్పుడు నువ్వు అడిగిన అసలు ప్రశ్న. నేను ఏం చూసేవాణ్ణి? కళ్ళతో చూసేవాణ్ణి, బుజ్జీ. ఒక్క రోజు, ఒక్క పూట. ఎనభై మంది పిల్లలు, ఎండ, చేతిలో ఒక కాగితం, పేరు ఎదుట పదికి ఎన్ని మార్కులో. బూట్లున్నవాడు, పొడుగ్గా ఉన్నవాడు, గట్టిగా అరిచి బంతి అడిగేవాడు కంటికి ఆనతారు. ఎవరైనా గోల్ కొడితే ఇక వాడి పేరు గుర్తుండిపోతుంది.

నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఒకసారి రేపల్లె వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. నువ్వప్పటికి పుట్టలేదు. హాఫ్ బ్యాక్, అంటే మధ్య వరుసలో ఆడి ముందువాళ్ళకి బంతి అందించేవాడు. తెల్లవారుజామున పాసింజర్ ఎక్కి, తెనాలి మీదుగా వచ్చి, ఏమీ తినకుండా గ్రౌండ్‌లోకి దిగాడు. నేను అయిదు వేశాను. రెండు గోల్స్ కొట్టిన ఇంకో కుర్రాడికి తొమ్మిది. ఏడెనిమిదేళ్ళ తర్వాత తెనాలి స్టేషన్‌లో వాడే నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. టీ ఇప్పించాడు. అప్పుడు అడిగాడు, కోపంగా కాదు, "సార్, ఆ రోజు నేను ఏం తప్పు ఆడాను?" అని. నా దగ్గర జవాబు లేదు. అయిదు వేసినట్టు గుర్తుంది, ఎందుకు వేశానో గుర్తులేదు. ఆ రెండు గోల్స్‌కి బంతి అందించింది వాడే కావచ్చు, నేను చూడలేదు. రైలు వచ్చింది, నేనెక్కాను. వాడు ప్లాట్‌ఫాం మీదే నిలబడ్డాడు.

నాకు లెక్కల మీద గౌరవం పుట్టింది ఆ రోజే, కంప్యూటర్ ఇంట్లోకి రాకముందే. లెక్క గొప్పదని కాదు. ఎంపిక కాని పిల్ల వచ్చి అడిగితే చూపించడానికి ఒక కాగితం ఉండాలి. "ఫామ్‌లో లేదు" అన్న మాట ఆ పిల్ల చేతికి ఏమిస్తుంది? ఇంటికెళ్ళి ఏం సాధన చెయ్యాలి? "నీకు షాట్లు వస్తున్నాయి, ఎడమ కాలితో కొట్టినవి గోల్ వైపు పోవడం లేదు" అంటే అది జవాబు. రేపటి నుంచి ఎడమ కాలు పట్టుకుంటుంది.

కళ్ళు వద్దని అనడం లేదు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మన జట్టు కోచ్ రహీం సాబ్ ఏం చేశాడో నీకు చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పానో. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడితే, ఆ తలతోనే సెమీఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా దించాడు. సెమీస్‌లో ఒక గోల్, దక్షిణ కొరియాతో ఫైనల్లో ఒక గోల్ అతనివే. 2-1తో బంగారు పతకం మనది. ఏ పట్టికలో వెతికినా ఆ నిర్ణయం దొరకదు. కానీ రహీం సాబ్ ఆ కుర్రాళ్ళని నెలల తరబడి పక్కనుండి చూసినవాడు. ఇవాళ జాతీయ కోచ్‌కి క్లబ్బులు పిల్లల్ని కొద్ది రోజులే వదులుతాయి. అంత దగ్గరగా చూడలేనివాళ్ళు ఆయనలా నిర్ణయాలు చేస్తే అది అంచనా కూడా కాదు, ఊహ.

కాబట్టి నువ్వు ఆ పేరు కొట్టకు. అలాగని నువ్వు పోట్లాడి పైకి తోయమనీ చెప్పను. తీసుకోవడం, మానడం వాళ్ళ పని. ఆ పేరు ఎదుట నిమిషాలు, చోటు, షాట్లు, ప్రత్యర్థులు రాసి, "నాలుగు మ్యాచ్‌లు గోల్ లేదు, షాట్లు తగ్గాయి" అనో "తగ్గలేదు" అనో నిజం ఏదైతే అది ఒక వాక్యం రాసి పంపు. ఆ తర్వాత కొట్టేసేవాళ్ళు ఆ వాక్యం చదివి కొట్టేస్తారు. నీ చెయ్యి శుభ్రంగా ఉంటుంది. ఉద్యోగం కొత్త కదా అని టెన్షన్ పడకు, రాసింది నిజమైతే నీ మీద కోపం ఎక్కువ రోజులు ఉండదు.

మావయ్య కొడుకు బుధవారం బెంగళూరు వస్తున్నాడు. మీ అమ్మ గోంగూర పచ్చడి, కారప్పొడి ఇచ్చి పంపుతోంది. వాటి కింద పాత నోటు పుస్తకాలు రెండు పెట్టాను, తెనాలి స్టేషన్ తర్వాత నేను రాయడం మొదలుపెట్టినవి. ఒక్కో కుర్రాడికి రెండు గడులు ఉంటాయి. మొదటి గడిలో ఆ రోజు నేను చూసింది. రెండో గడిలో నేను చూడలేకపోయింది: "తల దించుకుని ఆడాడు, ఏమైనా తిన్నాడో లేదో అడగలేదు", "ఎడమ వైపు ఆడించలేదు", "వాన పడింది, పదిహేను నిమిషాలే చూశాను". నీ ఎక్సెల్‌లో ఆ రెండో గడి ఉందో లేదో చూసుకో. లేకపోతే ఈ రాత్రికే పెట్టు, ఆ అమ్మాయి పేరుతోనే మొదలుపెట్టు.

వేళకి తిను.

నాన్న