ఆ లిల్లీలు ముందు తీసేయ్

శ్రీకాకుళం

బుజ్జమ్మా,

నీ గొంతు విని 19 రోజులైంది. ఎన్నిసార్లు చేసినా ఫోనెత్తవు. అందుకే మావయ్య చేత పంపుతున్న జీడిపప్పు డబ్బాలో ఈ కాగితం పెడుతున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నగారికి మోకాలి నొప్పి తగ్గింది.

సోమవారం స్టేటస్‌లో నీ ఫొటో చూశాను. గాజు జాడీలో లిల్లీలు, పక్కనే మీనూ. మన పూలకొట్లో మూరల్లెక్కన ఇచ్చే లిల్లీలైతే ఇంత కంగారు పడను. ఇవి బొకేల్లో పెట్టే పెద్ద పువ్వులు. పిల్లులకి కిడ్నీలు పాడుచేస్తాయి తల్లీ. ఒంటికంటిన పుప్పొడి నాకినా, జాడీలో నీళ్లు తాగినా ప్రమాదమే. ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు అవి తీసేయ్. అన్నట్టు, ఆ ఫొటో పెట్టింది పగలు 11 గంటలకి. ఆఫీసు లేదా? పిన్ని ఏదో అంది, నేను పట్టించుకోలేదు.

మన కుక్కపిల్ల నల్లోడు గుర్తున్నాడా? నీది రెండో తరగతి. రథసప్తమికి అరసవల్లి దర్శనానికి చుట్టాలొస్తారని నాన్నగారు గోడవార గన్నేరు కొట్టించి, కొమ్మలు నూతి పక్కన కుప్ప వేయించారు. వాడికి పళ్లొచ్చే వయసు, పుల్ల కనిపిస్తే కొరకాల్సిందే. సాయంత్రానికి ఒకటే చొంగ, వాంతులు. మామ్మ ఉప్పునీళ్లు పొయ్యమంటే నేనే పోశాను. అలా పొయ్యకూడదని తర్వాత పశువుల డాక్టరు గారు చెప్పారు. గన్నేరు ఆకైనా కొమ్మైనా, ఎండినా సరే, విషం గుండెకే ఎక్కుతుందట. తెల్లారగట్ల మీరంతా తలమీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానాలు చేస్తుంటే, పెరట్లో వాడు నా ఒళ్లోనే పోయాడు. మావయ్య ఊరికి తీసుకెళ్లాడని నీకు అబద్ధం చెప్పాం. ఇన్నేళ్లకి రాస్తున్నాను, ఏమనుకోకు.

నీ బాల్కనీలో అడీనియం ఉంది చూడు, అదీ గన్నేరు కుటుంబమే, ఎవరికైనా ఇచ్చేయ్. మనీ ప్లాంటు అందనంత పైకి కట్టు, నమిలితే నోరు మండిపోతుంది. కలబందతో విరేచనాలు పట్టుకుంటాయి. చిన్న ఈతచెట్టులా ఉండే సైకస్ అస్సలు కొనకు, గింజలు మరీ చెడ్డవి, కాలేయం పోతుంది. గులాబీ, మల్లె పెంచుకో, ఎవరొద్దన్నారు? మీనూ ఏదైనా కొరికితే ఇంటివైద్యం వద్దు. ఆ ఆకు ముక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తు. లిల్లీ అయితే వాంతి అయ్యేదాకా ఆగకు, మర్నాటికి వాయిదా వెయ్యకు.

పిన్ని అన్నది నిజమైనా ఏం ఫర్వాలేదు. అద్దెకి ఇబ్బందైతే నాన్నగారితో కాదు, నాతో చెప్పు. వేళకి తింటున్నావా? ఫొటోలో చెయ్యి సన్నబడినట్టుంది.

రాత్రికి ఫోనెత్తు. మీనూ ఎలా ఉందని మాత్రమే అడుగుతాను.

అమ్మ