పిట్ట ముందు నిలబడే కుక్క

సంపాదకులకు,

ఆర్యా,

అమెరికాలో ఎవరైనా ఎప్పుడైనా ఏ పిట్టనైనా కాల్చుకోవచ్చనీ, మన దేశంలో మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అనవసరంగా చేతులు కట్టేసిందనీ ఇటీవల మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. కిందటి సెప్టెంబరులో మా అబ్బాయిని చూడటానికి సౌత్ డకోటా వెళ్లినప్పుడు, అతనితో పనిచేసే ఒకాయన వెంట ఒక రోజంతా పక్షుల వేటలో నడిచాను కాబట్టి, ఆ మాట ఎంతవరకు నిజమో రాయాలనిపించింది. తుపాకీ నేను పట్టలేదు; లైసెన్సు లేనివారు పట్టడానికి వీల్లేదు కూడా.

మేము వెళ్లింది ఆ రాష్ట్ర రాజధాని పియర్‌కు దక్షిణాన ఉన్న ఫోర్ట్ పియర్ జాతీయ గడ్డిభూమికి. 1930లలో కరవుకూ దుమ్ము తుఫానులకూ తట్టుకోలేక రైతులు వదులుకున్న భూములను ప్రభుత్వం కొని, దున్నడం మాన్పించి, మళ్లీ గడ్డికి అప్పగించింది. ఇలాంటి గడ్డిభూములు ఆ దేశంలో మరికొన్ని ఉన్నాయి. ఇక్కడ సుమారు 1,16,000 ఎకరాలున్నాయి. పశువులూ మేస్తాయి, పక్షులూ బతుకుతాయి. వెతికింది గ్రౌస్ అనే పక్షి కోసం, మన నాటుకోడి పెట్టంత ఉంటుంది. సెప్టెంబరు మూడో శనివారం కంటే ముందు దాన్ని కాల్చకూడదు, ఆ తరువాతనైనా మనిషికి రోజుకు మూడింటిని మించకూడదు.

కుక్క వయసు పదకొండు నెలలు, జర్మన్ పాయింటర్ జాతిది, ఇదే దాని మొదటి వేట. నా చిన్నతనంలో మా సీమలో ఉగాదికి కుందేళ్ల వేటకు కుక్కలను తీసుకుపోయేవారు. ఎంత వేగంగా తరిమితే అంత మంచి కుక్క అని మా లెక్క. దీనికి నేర్పుతున్నది సరిగ్గా దానికి వ్యతిరేకం. గాలికి ఎదురుగా అటూ ఇటూ వెతుకుతూ పోయి, పిట్ట వాసన ముక్కుకు తగలగానే కుక్క ఉన్నచోటనే కొయ్యబారి నిలబడాలి; మనిషి వచ్చి పిట్టను లేపేదాకా అడుగు వేయకూడదు. పొద్దున మొదటి గుట్ట మీద అది ఈ పాఠమంతా మరిచి, గాలి వాలున పరుగెత్తి, పది పన్నెండు పక్షులున్న గుంపు మధ్యలోకి దూకింది. అవి కొక్కొక్కుమంటూ మా తల మీదుగానే లేచాయి. యజమాని మాత్రం తుపాకీ భుజానికి ఎత్తనే లేదు. ఇంత దగ్గర్లో వదిలేశారేమని అడిగితే, తరిమి లేపిన పిట్టను ఒక్కసారి కాల్చిపెట్టినా కుక్కకు తరమడమే పని అనిపిస్తుంది, ఆ తరువాత దాన్ని ఎవరూ నిలబెట్టలేరు అన్నారు. మధ్యాహ్నానికి అలా మరో రెండు గుంపులు పోయాయి. ఎండ ముదిరేసరికి గడ్డి మధ్య పాకే ముళ్లజెముడు దాని పాదాల్లో గుచ్చుకుంది; ఆయన జేబులోని చిన్న పట్టకారుతో ఒక్కొక్క ముల్లూ పీకి, సంచిలోని నీళ్లు ముందు దానికి తాగించి తరువాతే తాను తాగారు.

మూడున్నర ప్రాంతంలో వాలు కింద అది ఆగింది. తోక బిగుసుకుంది, ముందుకాలు ఒకటి గాలిలోనే ఉండిపోయింది, ఒళ్లంతా వణుకుతోంది కానీ కదలలేదు. మేము దాదాపు నూరు గజాలు నడిచి వెళ్లేదాకా అలాగే ఉంది. రెండు పక్షులు లేచాయి, ఒకటి పడింది. రోజంతా నడిచినందుకు దక్కింది ఆ ఒక్కటే. సాయంత్రం కోసి చూస్తే, దాని మెడ కింద మేత సంచిలో మిడతలూ అడవి గులాబీ కాయలూ ఉన్నాయి. నేను మాంసం తిననివాణ్ణి కాదు, అయినా ఆ పూట రుచి చూడబుద్ధి కాలేదు.

ఆ పాఠకుడు గమనించవలసినది మరొకటి ఉంది. అక్కడ వేట తుపాకుల మీదా తూటాల మీదా ప్రత్యేక పన్ను ఉంది. ఇప్పుడది నూటికి 11 వంతులు, 1937 నాటి చట్టం ప్రకారం ఆ డబ్బు ముఖ్యంగా వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకు చేరుతుంది. దారిలో మా అబ్బాయి చూపించిన బీళ్లు కొన్ని ప్రైవేటు రైతులవి. 1985లో మొదలైన పథకం కింద, పది పదిహేనేళ్లు దున్నకుండా గడ్డికి వదిలినందుకు కేంద్ర ప్రభుత్వం వారికి ఏటా కౌలు కడుతుంది.

మా ప్రాంతంలోని రోళ్లపాడులో, గడ్డినేలల్లో బతికే బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. చిన్నప్పుడు ఆ పిట్టను మా చేలల్లో చూసినవాణ్ణి. దేశం మొత్తం మీద అవి ఇప్పుడు సుమారు 150 మిగిలాయంటున్నారు. వేటను నిషేధించిన చట్టాన్ని సడలించమని నేను ఎంతమాత్రం అనను. అయితే చట్టం తుపాకీని ఆపింది కానీ నాగలిని ఆపలేదు, బీళ్లన్నీ సాగులోకి వచ్చాక పిట్ట నిలవడానికి గడ్డి లేకుండా పోయింది. అభయారణ్యం చుట్టుపక్కల రైతులకు అలాంటి కౌలు ఇచ్చే ఆలోచన అటవీశాఖకు ఉన్నదా అని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. అక్కడికి దగ్గరలో నాకు మూడెకరాల మెట్ట ఉంది. ఇస్తామంటే వచ్చే ఖరీఫ్ నుంచే దాన్ని గడ్డికి వదిలేస్తాను.

ఇట్లు,
ఒక రైతు,
నందికొట్కూరు ప్రాంతం, నంద్యాల జిల్లా