ఆవరణ వ్యవస్థల మార్పును రెండు గడుల పట్టికతో ముగించకండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

తిరుపతి నుంచి ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయునది.

ఆవరణ వ్యవస్థలు (ఒక చోటి జీవులూ, వాటి చుట్టూ ఉన్న నేల, నీరు, గాలీ కలిసిన వ్యవస్థలు) ఎందుకు మారతాయో హైస్కూలు పిల్లలు చదువుతూనే ఉన్నారు. అయితే ఆ చదువు చాలా బడుల్లో ఒక పట్టిక దగ్గర ఆగిపోతున్నది. ఒక గడిలో వరద, కరువు, కార్చిచ్చు, తుపాను ఉంటాయి. పక్క గడిలో అడవుల నరికివేత, గనులు, కాలుష్యం ఉంటాయి. రెండూ కంఠతా వచ్చిన విద్యార్థికి పూర్తి మార్కులు పడతాయి. మా ప్రాంతంలో కంటికి కనిపించే పెద్ద మార్పులు మాత్రం ఆ రెండు గడుల్లో ఏ ఒక్కదానిలోనూ ఇమడవు. నా విన్నపమంతా దీని గురించే.

2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించిన శేషాచలం కొండలనే తీసుకోండి. వేసవిలో ఆకు రాలి, బోద ఎండిపోయి, గాలి తోడైనప్పుడు కొండ మీద మంట లేస్తుంది. పట్టిక ప్రకారం ఇది ప్రకృతి చేసిన పని. కానీ ఇలాంటి అడవుల్లో నిప్పు అంటుకునేది చాలావరకు మనిషి చేతి నుంచే: కొత్త గడ్డి మొలవాలని కొందరు పెడతారు, ఆర్పకుండా పారేసిన బీడీ నుంచి కొంత రాజుకుంటుంది. ఆ నిప్పును కొండంతా పాకించేది మళ్ళీ ఎండిన గడ్డీ గాలీ. ఆ తర్వాతి కథ ఇంకా ఆసక్తికరమైనది. తొలి వానలకు గడ్డి లేస్తుంది, మోడులు చిగురిస్తాయి, ఎర్రచందనం నరికిన మొదలు నుంచి కూడా పిలకలు వేయగలదు. అదే మంట ఏటేటా వస్తే విత్తనం నుంచి మొలిచిన లేత మొక్కలు నిలవవు, పెద్ద చెట్లను దొంగలు కోసుకుపోతే విత్తనమిచ్చే చెట్లే తగ్గిపోతాయి, ఖాళీ అయిన జాగాలోకి లాంటానా కంప చొరబడుతుంది. అనుక్రమం (ఒక చోట ఒక రకం మొక్కలూ జీవుల స్థానంలో కాలక్రమాన మరో రకం రావడం) అంటే ఏమిటో నిర్వచనం తడుముకోకుండా రాసే పిల్లలు మా దగ్గర ఎందరో ఉన్నారు. కాలిన వాలునూ కాలని వాలునూ కొండ కింద నుంచే పోల్చి చూసి, రెండేళ్ళ తర్వాత అక్కడ ఏముంటుందో ఊహించి చెప్పమని వారిని అడిగేవారు మాత్రం అరుదు.

2021 నవంబరు వరదలు ఈ పిల్లలకు స్వయంగా తెలుసు. వాన ఆకాశం నుంచి పడింది, నిజమే. ఆ నీరు వీధుల్లోకి ఎందుకు వచ్చిందో తెలియాలంటే పూడిపోయిన చెరువులను, ఇళ్ళ కింద కనుమరుగైన వాగులను, ఇసుక తోడేసిన స్వర్ణముఖిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పులికాట్ సరస్సు కూడా ఇటువంటిదే. కాళంగి, ఆరణి నదుల మంచినీరూ సముద్రపు ఉప్పునీరూ కలిసే ఆ సరస్సుకు ముఖద్వారాలే ప్రాణం. అలలు తెచ్చిపోసే ఇసుకతో అవి మూసుకుపోతే చేపలు, రొయ్యల రాకపోకలు ఆగి జాలర్ల బతుకు తలకిందులవుతుంది. అది సముద్రం పని. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మీదుగా వేసిన రోడ్డు మనిషి పని. ఏది ఎంత మార్పు తెచ్చిందన్న చర్చ తొమ్మిదో తరగతి పిల్లల స్థాయికి మించినదేమీ కాదు. ఇటు చిత్తూరు జిల్లాలో కౌండిన్య అడవుల ఏనుగులు 1980లలో పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి వచ్చినవే. కుప్పం, పలమనేరు పిల్లలకు ఆ చర్చ ఇంటి ముంగిటే ఉంది.

ఇందుకోసం కొత్త పుస్తకమో కొత్త పథకమో అక్కర్లేదు, మూడు పనులు చాలు. మొదటిది ఊరి చెరువు పరిశీలన. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల వారికి 10 రోజులు పుస్తకాల సంచి లేని బడిని సూచించింది. వాటిలో కనీసం రెండు రోజులు, ఒకటి వానలకు ముందు, మరొకటి తర్వాత, ఊరి చెరువుకు కేటాయించేలా ఉత్తర్వులు ఇవ్వండి. దానిని 9వ తరగతికీ విస్తరించండి. నీటి అంచు ఎక్కడిదాకా ఉంది, గుర్రపు డెక్క ఎంత మేర పరచుకుంది, ఏ పక్షులు వచ్చాయి, గట్టు మీద సర్కారు తుమ్మ ఎంత పెరిగింది అన్నవి ఒకే చోట నిలబడి ఏటా నమోదు చేస్తే, ఐదేళ్ళకు ఆ బడి దగ్గర తనదైన రికార్డు తయారవుతుంది. 2023లో తిరుమల నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైన తర్వాత పిల్లలను అడవి వైపు పంపడానికి తల్లిదండ్రులు భయపడటంలో తప్పు లేదు. అందుకే నేను అడవి లోపలికి తీసుకుపొమ్మనడం లేదు.

రెండవది ఉపగ్రహ చిత్రాలు. శ్రీహరికోట నుంచి రాకెట్ లేవడం చూడని పిల్లలు సూళ్ళూరుపేటలో ఉండరు. అలా ఎగిరిన ఉపగ్రహాలు తీసిన సొంత ఊరి చిత్రాన్ని చూసినవారు ఎందరో చెప్పలేను. ఉపగ్రహ చిత్రాలు చూపే ఇస్రో వారి భువన్ పోర్టల్ ఉంది. 1972 నుంచి భూమిని చిత్రిస్తున్న అమెరికా ఉపగ్రహాల లాండ్‌శాట్ శ్రేణి పాత చిత్రాలూ ఉచితంగానే దొరుకుతాయి. ప్రతి మండలానికీ పాతదీ కొత్తదీ ఒక్కో చిత్రం ముద్రించి బడులకు పంపితే చాలు.

మూడవది అన్నిటికన్నా కష్టమైనది, ఎందుకంటే పరీక్షలో అడగనిదాన్ని బడిలో ఎవరూ పట్టించుకోరు. పదో తరగతి ప్రశ్నపత్రంలో ఒకే చెరువు రెండు కాలాల చిత్రాలు ఇచ్చి, మార్పుకు దారితీసిన కారణాలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో వివరించమనే ప్రశ్న ఒకటి పెట్టించండి. ఒకే సరైన జవాబు లేని ప్రశ్నకు మార్కులు వేయడం కష్టమని అధికారులు అభ్యంతరం చెప్పవచ్చు. చిత్రంలోని ఆధారాన్ని చూపి చెప్పిన కారణానికి మార్కులు, ఆధారం లేని మాటకు సున్నా అని మూల్యాంకన సూచనల్లో రాస్తే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా, తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మండలానికి ఒక ఉన్నత పాఠశాలలోనైనా దీనిని ప్రయోగాత్మకంగా అమలు చేయడానికి ఆదేశాలు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
తిరుపతి.