బొగ్గుతోనే గీయరా

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మీ ఊరి దేవాలయానికి సిలువమార్గం 14 స్థలాల బొమ్మలూ, అంటే యేసు సిలువ మోసిన దారిలోని ఘట్టాలన్నీ, నువ్వే గీస్తున్నావని చదివి పొంగిపోయాను. కానీ ‘ముందు బొగ్గుతో గీసుకుని, తర్వాత రంగులు వేస్తాను’ అన్నావు చూడు, అక్కడే నాకు గుండె కలుక్కుమంది. ఆ బొగ్గు బొమ్మల మీద రంగు పులమవద్దురా!

లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న లియొనార్డో డావిన్చి బొమ్మ నీకు తెలిసిందే. తల్లి అన్నమ్మ ఒడిలో మరియమ్మ, ఆమె చేతుల్లోంచి ముందుకు ఒరిగి చిన్నారి యోహానును దీవిస్తున్న బాల యేసు. 8 కాగితాలు అతికించి, బొగ్గుతో గీసి, తెల్ల సుద్దతో వెలుగు అద్దాడు. మామూలుగా ఇలాంటి నమూనా గీతల వెంట సూదితో బెజ్జాలు పొడిచి, పలచటి గుడ్డలో కట్టిన బొగ్గుపొడి అద్ది, గోడ మీదకో పలక మీదకో దించుకుంటారు. దీనికి ఒక్క బెజ్జం కూడా లేదు, అంటే దీన్ని అలా దించుకోలేదన్నమాట.

అందులో అన్నమ్మ చేతిని చూడు. ఆకాశం వైపు వేలెత్తి చూపే ఆ చేతికి వట్టి అంచు గీతలే ఉన్నాయి. నీడ లేదు, ఒంటిరంగు లేదు. పక్కనే ఉన్న ముఖాలను మాత్రం ఎంత నిదానంగా మెత్తబరిచాడంటే, చెంప ఎక్కడ ఆగి నీడ ఎక్కడ మొదలైందో చెప్పలేం. పరలోకాన్ని చూపించే చేయి మాత్రం ఖాళీ! కావాలనే వదిలేశాడో, తీరిక దొరకలేదో, నాకు అనవసరం. దానికి రంగు నింపి ఉంటే అది మామూలు చేయి అయిపోయేది. 1962లో ఈ బొమ్మ దేశం దాటిపోకుండా 8 లక్షల పౌండ్లు పోగుచేసి కొన్నారు. ‘సగంలో ఆగిన పని’ అని వదిలేయలేదు.

ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ సంగతి ఇంకో రకం. ఫ్రాన్స్‌లోని వాన్స్ ప్రార్థనా మందిరానికి బొమ్మలు గీసేనాటికి ఆయనకు దాదాపు ఎనభై ఏళ్లు, ఒంట్లో ఓపిక లేదు. పొడవాటి వెదురు కర్ర కొసకు బొగ్గు కట్టి గోడ మీద గీసి చూసుకునేవాడు. అంత దూరం నుంచి గీస్తే గీత వణుకుతుంది, నగిషీలకు వీలుండదు. అక్కడి సిలువమార్గం 14 స్థలాలూ ఒకే గోడ మీద, తెల్ల పలకల మీద నల్ల గీతలతో ఉంటాయి. అందంగా ఉండవు, గీకినట్లు ఉంటాయి. కొరడా దెబ్బలు తిని మూడుసార్లు పడిపోయిన మనిషి కథకు అందం ఎందుకు?

మన శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు చింతపుల్ల బొగ్గుతోనే తొలి గీత గీస్తారు కదా, దానితోనే మొదలుపెట్టు. గరుకు కాగితం తీసుకో. ప్రభువు రెండోసారి పడే చోట గీత తప్పిందనుకో, పూర్తిగా తుడిచేయకు. వేలితో రుద్ది, దాని మీదే మళ్లీ గీయి. ఆ మసకలో పాత గీత కనబడుతూ ఉంటే, పడి లేచే ఒళ్లు తడబడినట్లే ఉంటుంది. ప్రతి బొమ్మ అయిన వెంటనే ఫిక్సేటివ్ (బొగ్గు రాలకుండా పట్టి ఉంచే ద్రవం) కొట్టు, పైన అద్దం కట్టించు. లేకపోతే భక్తులు ముట్టుకుని కళ్లకద్దుకుంటారు, నెల తిరగకముందే బొమ్మ వాళ్ల చేతులకు అంటుకుపోతుంది.

ఫాదర్ గారు రంగులే కావాలని పట్టుబడితే నాకు ఫోను చెయ్యి. వచ్చి నేనే మాట్లాడతాను.

నీ స్నేహితుడు