బుజ్జీ, ఇక లొకేషన్ పంపనక్కర్లేదు

బుజ్జీ,

రేపటి నుంచి నువ్వు నాకు లొకేషన్ పంపనక్కర్లేదు. ఫోన్‌లో చెబితే మధ్యలో గొంతు పట్టేస్తుందని రాస్తున్నాను.

నువ్వు వరంగల్ వెళ్లిన రోజే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టమన్నాను. 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని ఉంటే 8 గంటలే నొక్కమన్నాను. షాపులో బేరం మధ్యలో కూడా ఆ చుక్కనే చూసేవాణ్ణి. హాస్టల్‌లో ఉందా, సరే. లైబ్రరీలో ఉందా, సరే. నిన్ను చూసుకోవడమంటే అదే అనుకున్నాను. మార్చిలో నీ ఫోన్ చార్జింగ్ అయిపోయిన రాత్రి 17 సార్లు చేశాను. మర్నాడు నువ్వు ఏడుస్తూ, "నేనెక్కడున్నానో నీకు తెలుసు నాన్నా, ఎలా ఉన్నానో ఒక్కరోజైనా అడిగావా?" అన్నావు. నెలల తరబడి నీకు నిద్ర పట్టడం లేదని, అన్నం సహించడం లేదని అప్పుడే తెలిసింది నాకు. చుక్క మాత్రం రోజూ హాస్టల్‌లోనే ఉంది. తప్పు నాదే తల్లీ.

ఆ వారం నాకూ నిద్ర లేదు. ఒక రాత్రి 14416కి చేశాను. టెలి మానస్ అని, మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడుకునే హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు అక్కర్లేదు, తెలుగు ఎంచుకుంటే తెలుగులోనే మాట్లాడతారు. ఎవరో ఒకావిడ నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. ఆ నంబరు నువ్వూ సేవ్ చేసుకో. నాతో చెప్పుకోలేనిది ఉంటే వాళ్లతో చెప్పుకో, నాకు చెప్పలేదని బాధపడను.

ఆ తర్వాతే మనం వాయిస్ మెసేజ్‌లు మొదలుపెట్టాం. నీ మొదటిది 40 సెకన్లు. వెనక మెస్‌లో గిన్నెల చప్పుడు, మధ్యలో నువ్వు ముక్కు ఎగబీల్చడం, చివర్లో "ఈరోజు అస్సలు బాలేదు నాన్నా." ఎదురుగా ఉంటే మొదటి మాటకే సలహా చెప్పేసేవాణ్ణి. మెసేజ్ కాబట్టి అడ్డుపడే వీల్లేదు, చివరిదాకా విన్నాను. మళ్లీ విన్నాను. నీ మాట పూర్తిగా వినడం ఎప్పుడో మానేశానని అప్పుడు తెలిసింది. నా మెసేజ్‌లో కుక్కర్ విజిల్ వినపడితే ఇంట్లో ఉన్నట్టుందన్నావు కదా, అప్పటి నుంచి వంటింట్లోనే నిలబడి రికార్డు చేస్తున్నాను. మీ అమ్మ విసుక్కుంటోంది, అయినా కదలను.

ఇంకోటి. నా ఫోన్‌లో రాత్రి 10కి బెడ్‌టైమ్ మోడ్ పెట్టుకున్నాను. తెర నలుపు తెలుపుగా మారిపోతుంది, అన్ని చప్పుళ్లూ ఆగిపోతాయి. నీ కాల్ ఒక్కటే మోగుతుంది. ఏ రాత్రయినా చెయ్యి. నా మెసేజ్‌కి మాత్రం రాత్రిపూట జవాబివ్వొద్దు, పొద్దున్నే ఇవ్వు.

నానమ్మ నిన్న ఆవకాయ పెట్టింది. రేపు జాడీ మూత తీసి కలుపుతుంది. అప్పుడు నువ్వు వీడియోలో ఉండాలట, నూనె సరిపోయిందో లేదో నువ్వే చెప్పాలట. క్లాసు అయ్యాక చెయ్యి, ఎంతసేపైనా మూత తియ్యకుండా ఆపుతాను.

నాన్న