జీవామృతం గొడవ: ఈ ఖరీఫ్‌లో తూచి చూద్దామా?

అందరికీ నమస్కారం. రసాయన ఎరువులు మానేసి జీవామృతం (పేడ, మూత్రంతో చేసే ద్రావణం) వేస్తే వరి దిగుబడి తగ్గదని కొందరు, తగ్గుతుందని కొందరు. దాని మీద రాత్రి గ్రూపులో మాటామాటా పెరిగి ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లిపోతామన్నారు. దయచేసి వెళ్లకండి.

మనవలకు మందు కొట్టిన బియ్యం పెట్టనని మావయ్య ఒకరు అన్నారు. అది ఆయన మనసులోని మాట, దానికి లెక్క అడగడం తప్పు. కానీ "దిగుబడి తగ్గదు" అన్నది తూకం వేసి తేల్చాల్సిన మాట. జీవామృతం ఒక విడతకు ఎకరానికి 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, బెల్లం, పప్పుల పిండి, 200 లీటర్ల నీళ్లు. అన్నీ కలిపినా అర కిలో నత్రజని రాదు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైనే ఉంటుంది. మిగతాది నేలలోని సూక్ష్మజీవులు ఇస్తాయంటారు. పచ్చిరొట్ట, పశువుల ఎరువు ఏళ్లుగా పడిన నేలైతే కొంత ఇవ్వొచ్చు. నాగావళి పక్కన మా మడిలో జీలుగ (పచ్చిరొట్ట పైరు) కలియదున్నిన మూడో ఏడు పార దించితే మట్టి పొడిపొడిగా రాలింది, వానపాములు కనిపించాయి. గట్టు అవతల మడిలో ఇంకా పెళ్లలే. గింజలు మాత్రం నేను తూచలేదు, కాబట్టి దిగుబడి గురించి మాట్లాడను.

శ్రీలంక 2021లో రసాయన ఎరువులు ఒక్కసారే ఆపేసి, నవంబరుకే వెనక్కి తగ్గింది. అయినా తర్వాతి వరి పంట దెబ్బతింది. అన్నం కూడా విలువే కదా!

అందుకే ఒకే విత్తనం, ఒకే నీరు, 25 సెంట్లు జీవామృతంతో, 25 సెంట్లు రసాయన ఎరువులతో వేద్దాం. కూలి ఖర్చు కూడా రాయాలి, ద్రావణం కలిపే ఆడవాళ్ల శ్రమతో సహా. ఒప్పుకున్నవాళ్లు ఆదివారంలోగా పేరు పెట్టండి. కాటా నేను తెస్తాను.